భయపడటమే అతని పని

రాత్రి తొమ్మిది దాటింది. భిలాయ్‌లో సుపేలా వైపు ఒక ఇంట్లో ముందు గదిలో టీవీ గట్టిగానే మోగుతోంది. హిందీ సీరియల్‌లో ఎవరో ఎవరినో నిలదీస్తున్నారు. కొడుకూ కోడలూ దానికేసి చూస్తున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దాయన మాత్రం వెనక గదిలో, మంచం మీద దిండుకు ఆనించిన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. పక్కన పదేళ్ల మనవరాలు. తెర మీద నలుపు తెలుపు బొమ్మ. పాడుబడ్డ బంగళా, పొడుగాటి వసారా, గాలికి ఎగిరే తెల్లటి తెరలు. గుండ్రటి కళ్లజోడు పెట్టుకున్న ఒక బక్కపలచటి మనిషి గోడకు అతుక్కుపోయి నడుస్తున్నాడు. మనవరాలు తాతగారి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మరుక్షణమే కిసుక్కున నవ్వింది.

పెద్దాయనకు అయిదారేళ్లుగా వినికిడి తగ్గింది. వయసుతో వచ్చిందే. మిషను కొనిచ్చారు. అది పెట్టుకుంటే పెళ్లిబాజాలన్నీ చెవిలోనే మోగినట్టుంటుందని తీసి సొరుగులో పడేశారు. అప్పటి నుంచి టీవీ ముందు కూర్చోవడం మానేశారు. అందరూ నవ్వాక, ఎందుకు నవ్వారని అడగాలి. వాళ్లు చెప్పాలి. చెప్పేసరికి అందులో నవ్వు పోతుంది. ఒకటి రెండుసార్లు అడిగారు. తర్వాత అడగడం మానేశారు. అందరితో పాటు తానూ నవ్వినట్టు నటించడం కొన్నాళ్లు చేశారు. అదీ విసుగొచ్చింది.

మూకీ సినిమాలు ఆయనకు దొరికింది అలాంటి రోజుల్లోనే. సెలవుల్లో మనవరాలికి చార్లీ చాప్లిన్‌ను చూపించబోయి ఇంటర్‌నెట్‌లో ఒకదాన్నించి ఒకదానికి పోతుంటే, 1927 నాటి ‘ద క్యాట్ అండ్ ద కెనరీ’ కనబడింది. ఇందులో వినాల్సిందేమీ లేదు. కళ్లుంటే చాలు. తాతకూ మనవరాలికీ మధ్య ఎక్కువ తక్కువల్లేని సినిమా.

సినిమా చరిత్ర పుస్తకాల్లో ఈ చిత్రానికి మంచి చోటే ఉంది. 1922లో న్యూయార్క్ రంగస్థలం మీద విజయం సాధించిన జాన్ విల్లర్డ్ నాటకం దీనికి మూలం. జర్మనీలో ‘వాక్స్‌వర్క్స్’ (1924) తీసిన పాల్ లెనీని యూనివర్సల్ అధిపతి కార్ల్ లామ్లీ హాలీవుడ్‌కు పిలిపించి ఈ కథ చేతిలో పెట్టాడు. లెనీ మొదట కళా దర్శకుడు. గోడలతో, నీడలతో భయపెట్టడం తెలిసినవాడు. కథ చిన్నదే. సైరస్ వెస్ట్ అనే ధనవంతుడు తన వీలునామాను చనిపోయిన ఇరవై ఏళ్ల తర్వాతే విప్పాలని రాసి పోతాడు. ఆ రాత్రి రానే వస్తుంది. ఆస్తి మీద ఆశతో బంధువులంతా బంగళాకు చేరతారు. ఆస్తి అన్నబెల్ అనే అమ్మాయికి దక్కుతుంది. కానీ ఆమెకు మతి స్థిమితం ఉందని డాక్టరు తేల్చాలి. లేదంటే మరొకరికి పోతుంది. పిచ్చాసుపత్రి నుంచి ఒకడు తప్పించుకుని ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నాడని కాపలావాడు వచ్చి చెబుతాడు. ఇంకేముంది, తెల్లవారేదాకా గోడల్లోంచి చేతులు రావడం, మాట్లాడుతున్న వకీలు ఉన్నట్టుండి మాయమవడం, చూసినదాన్ని చెప్పిన అమ్మాయిని అందరూ పిచ్చిదానిలా చూడటం. ఎగిరే తెరలున్న ఆ వసారా, కదిలే కెమెరా, భయంతో వణికే టైటిల్ కార్డుల అక్షరాలు... ఆ తర్వాత యూనివర్సల్ తీసిన భయానక చిత్రాలెన్నింటికో దారి చూపింది ఇదేనని విమర్శకులు రాస్తుంటారు.

రాసిన ప్రతిచోటా లెనీ పేరుంటుంది. అన్నబెల్‌గా వేసిన లారా లా ప్లాంట్ పేరుంటుంది. పని మనిషిగా కొయ్యబొమ్మలా నిలబడి జడిపించిన మార్తా మ్యాటాక్స్‌నూ తలుచుకుంటారు. ఆ కళ్లజోడు మనిషి దగ్గరకొచ్చేసరికి ఒక్క వాక్యంతో సరిపెడతారు. అతని పేరు క్రెయిటన్ హేల్. పాత్ర పేరు పాల్ జోన్స్. ‘హాస్యం కోసం’ అని రాసి ముందుకు పోతారు. హెరాల్డ్ లాయిడ్ కళ్లజోడును అనుకరించాడని కొందరు చప్పరించేస్తారు కూడా.

పెద్దాయన ఆ సినిమా నాలుగుసార్లు చూశారు. నాలుగోసారి ఆయనకు ఒక సంగతి తట్టింది. ఆ బంగళాలో నిజంగా భయపెట్టేవి చాలా తక్కువ. ఒక చెయ్యి, ఒక నీడ, ఒక టోపీ. మిగతాదంతా హేల్ మొహంలోనే ఉంది. అతను తలుపు తీయడానికి ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడంలోనే తలుపు వెనక ఏదో ఉందని మనకు తెలుస్తుంది. వెనక్కి తిరిగి చూడాలా వద్దా అని మెడ సగం తిప్పి వదిలేస్తాడు. మనకు వెన్ను జలదరిస్తుంది. చీకటి ఎంత లోతుందో కొలిచి చెప్పే కొలబద్ద ఆ మనిషే.

మనవరాలు అందరికన్నా ఎక్కువ నవ్వింది మంచం సీన్‌కి. పాల్ పొరపాటున ఇద్దరు ఆడవాళ్ల గదిలో చిక్కుకుంటాడు. వాళ్లు వచ్చే అలికిడికి మంచం కింద దూరుతాడు. వాళ్లు పడుకోవడానికి తయారవుతుంటే బయటకు రాలేడు, లోపలుండలేడు. ఇది ఎప్పటిదో పాత నాటకాల ఎత్తే. మన వీధి భాగోతాల్లోనూ ఉంటుంది. అయితే ఆ సీను ఎక్కడొస్తుందో చూడాలి. అప్పటికే వకీలు మాయమయ్యాడు. ప్రేక్షకుడి ఒళ్లు బిగుసుకుని ఉంది. బిగుసుకున్న ఒంటిని ఇంకా బిగించలేం. ఒకసారి వదులు చేయాలి. నవ్వితే భుజాలు దిగుతాయి, ఊపిరి వదులుతుంది. సరిగ్గా అప్పుడు గోడలోంచి చెయ్యి వస్తే గుండె గుభేలుమంటుంది. దెయ్యానికి దారి శుభ్రం చేసేవాడు కమెడియన్. శుభ్రం చేసి పక్కకు తప్పుకుంటాడు. మెప్పు దెయ్యానికి పోతుంది.

“వాడు అంత పిరికోడైతే లోపలికి ఎందుకెళ్తున్నాడు తాతా?” అని అడిగింది మనవరాలు. చెవి దగ్గర నోరు పెట్టి, సగం హిందీ కలిసిన తెలుగులో.

“ఆ పిల్ల ఒక్కర్తీ ఉంది కదేటమ్మా లోపల” అన్నారు పెద్దాయన.

అదే ఆ పాత్ర కీలకం. ధైర్యవంతుడు చీకట్లోకి నడవడంలో విశేషం ఏముంది? కాళ్లు వణుకుతున్నా నడిచేవాడిదే కథ. చివర్లో గోడ వెనక సందులో ఆ ముసుగు మనిషితో కలబడేది కూడా ఈ పిరికివాడే. అయినా ఎవరికీ అతను హీరోగా గుర్తుండడు. కారణం కూడా అతని పనిలోనే ఉంది. భయపడేవాడు ఎటు చూస్తే ప్రేక్షకుడు అటే చూస్తాడు. అతని కళ్లు తెర వైపు తిరిగితే మన కళ్లు తెర వైపు పోతాయి. గోడ వైపు తిరిగితే గోడ వైపు పోతాయి. పని ఎంత బాగా చేస్తే అంత బాగా మన చూపు అతన్ని దాటిపోతుంది. అందరికీ దెయ్యాన్ని చూపించినవాణ్ని ఎవరూ చూడలేదు.

హేల్ అనామకుడేమీ కాదు. 1882లో ఐర్లండ్‌లోని కార్క్‌లో పుట్టాడు. అసలు పేరు పాట్రిక్ ఫిట్జెరాల్డ్. నాటకాల నుంచి సినిమాల్లోకి వచ్చాడు. పెర్ల్ వైట్ నటించిన ప్రసిద్ధ సీరియల్ ‘ఎక్స్‌ప్లాయిట్స్ ఆఫ్ ఎలేన్’లో కనిపించాడు. డి.డబ్ల్యు. గ్రిఫిత్ ‘వే డౌన్ ఈస్ట్’ (1920)లో పరధ్యానపు ప్రొఫెసర్ అతనే. ‘ఆర్ఫన్స్ ఆఫ్ ద స్టార్మ్’ (1921)లోనూ ఉన్నాడు. ఎర్నెస్ట్ లూబిష్ తీసిన ‘ద మ్యారేజ్ సర్కిల్’ (1924)లో పెద్ద పాత్రే చేశాడు. గ్రిఫిత్, లూబిష్, లెనీ... ముగ్గురు మహా దర్శకులు తమ సినిమాల్లో పిలిచి వేషమిచ్చిన నటుడు. పాల్ జోన్స్ వేసేనాటికి అతనికి 45 ఏళ్లు. తెర మీద మాత్రం నిన్నగాక మొన్న కాలేజీ వదిలిన కుర్రాడిలా తడబడతాడు. ఆ తడబాటు వెనక ఇరవై ఏళ్లకు పైబడిన సాధన ఉందని చూసేవాళ్లకు తెలియదు. తెలియకపోవడమే ఆ సాధన ఫలితం.

1929లో బెంజమిన్ క్రిస్టెన్సెన్ దర్శకత్వంలో ‘సెవెన్ ఫుట్‌ప్రింట్స్ టు సేటన్’ అనే మరో భయ హాస్య చిత్రంలో హీరోగా వేశాడు. అదే ఏడాది పాల్ లెనీ రక్తం విషమించి హఠాత్తుగా చనిపోయాడు. అప్పటికే టాకీలు వచ్చి పడ్డాయి. హేల్ పెద్ద పాత్రలు అక్కడితో ముగిశాయి. అతను మాత్రం సినిమా వదల్లేదు. తర్వాత రెండు దశాబ్దాలు పేరు కూడా వేయని చిన్నా చితకా వేషాలు వేశాడు. ‘ద మాల్టీస్ ఫాల్కన్’ (1941)లో ఉన్నాడు. ప్రపంచమంతా చూసిన ‘కాసాబ్లాంకా’ (1942)లోనూ ఉన్నాడు. జూదగాళ్ల గుంపులో ఒకడు. ఎంతమంది చూశారో! ఎవరు గుర్తుపట్టారు? 1965లో కాలిఫోర్నియాలోని సౌత్ పాసడీనాలో కన్నుమూశాడు.

1939లో పారమౌంట్ వాళ్లు ఇదే కథను మాటలతో తీశారు. భయపడే కుర్రాడి వేషం బాబ్ హోప్‌కు ఇచ్చారు. సినిమా విరగబడి ఆడింది. హోప్ వట్టిగా భయపడలేదు. భయపడుతూ జోకులు వేశాడు. తనకు భయమేస్తోందని ముందే చెప్పేసి, ఆ చెప్పడంతోనే నవ్వించాడు. మరుసటేడే ‘ద ఘోస్ట్ బ్రేకర్స్’ వచ్చింది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూడలేదు. 2003లో నూరేళ్లు నిండి పోయేనాటికి అమెరికాలో ఆయన తెలియనివారు లేరు. వేషం ఒకటే. బంగళా ఒకటే. ఒకడు మహా తార అయ్యాడు, మరొకడు గుంపులో కలిశాడు. హోప్ చేసిందీ గొప్పే. కాకపోతే అతని చేతిలో మాట ఉంది. మాట మనిషి వైపు చూపు తిప్పుతుంది. హేల్ చేతిలో ఉన్నది మెడ, మోకాళ్లు, కనుబొమలు. అవి చూపును అవతలికి పంపిస్తాయి.

ఈ తేడా తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. మూకీల రోజుల్లో మన ఊళ్ల డేరా హాళ్లలో తెర పక్కన ఒక మనిషి నిలబడేవాడు. తెర మీద బొమ్మ కదులుతుంటే కథంతా గొంతెత్తి చెప్పేవాడు. రాముడి మాటా తనదే, రాక్షసుడి మాటా తనదే. జనం నవ్వాల్సిన చోట నవ్వించి, ఏడవాల్సిన చోట ఏడిపించేది ఆ వ్యాఖ్యాతే. అలా వ్యాఖ్యానం చెప్పి జనాన్ని కట్టిపడేసిన వాళ్లలో కస్తూరి శివరావు ఒకరు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెర తెలుగు మాట్లాడింది. పక్కన నిలబడి మాట్లాడే మనిషి పని పోయింది. శివరావు మాత్రం తెర పక్క నుంచి తెర మీదకు వెళ్లారు. ‘వరవిక్రయం’ (1939)తో మొదలుపెట్టి, ‘బాలరాజు’ (1948) నాటికి జనం ఆయన కోసమే హాలుకు వచ్చే స్థాయికి చేరారు. కె.వి. రెడ్డి తీసిన ‘గుణసుందరి కథ’ (1949)లో ఏకంగా కథానాయకుడు. అదే సినిమాలో తోడల్లుడి వేషం వేసిన రేలంగి తర్వాతి కాలంలో తిరుగులేని హాస్యనటుడయ్యారు. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. శివరావు సొంతంగా ‘పరమానందయ్య శిష్యులు’ (1950) తీశారు. క్రమంగా వెలుగు తగ్గింది. 1966లో పోయారు. ఇవాళ ఆయన పేరు చెబితే పెద్దవాళ్లు కాసేపు ఆలోచించి, “ఆఁ, ఆయనా!” అంటారు.

కార్క్‌లో పుట్టిన హేల్‌కూ మన శివరావుకూ ఏ సంబంధమూ లేదు. ఒకరు మాటలేని తెర మీద మౌనంగా నటించారు. ఇంకొకరు మాటలేని తెరకు తన మాట అరువిచ్చారు. ఇద్దరినీ కలిపేది ఒకటే. ప్రేక్షకుడికీ బొమ్మకూ మధ్య నిలబడి, ఇటు నుంచి అటు దాటించారు. దాటినవాళ్లు వంతెన వైపు తిరిగి చూడరు.

ఆ వంశం మాత్రం అంతరించలేదు. ‘గీతాంజలి’ (2014)లో శ్రీనివాసరెడ్డి గుడ్లు తేలేసినా, ‘ఆనందో బ్రహ్మ’ (2017)లో నలుగురు కమెడియన్లు కలిసి దెయ్యాలనే హడలగొట్టినా, ఆ ఇంటి గుమ్మం మొదట తొక్కినవాళ్లలో హేల్ ఉన్నాడు.

పెద్దాయన తండ్రి విజయనగరంలో అలాంటి డేరా హాలులో మూకీలు చూశారట. వ్యాఖ్యాత గొంతు ఎలా ఉండేదో ఇంట్లో అనుకరించి చూపించేవారు. ఆ అనుకరణ పెద్దాయనకు వారసత్వంగా వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి రాయగడ మీదుగా రైలెక్కి వచ్చిన వేలాది మందిలాగే ఆయన కూడా 1970ల మొదట్లో ఉక్కు పని వెతుక్కుంటూ భిలాయ్ చేరారు. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఊరు. అప్పటికి రష్యన్లూ, బెంగాలీలూ, మలయాళీలూ, పంజాబీలూ ఒకే సెక్టారులో కాపురాలుండి, ఎవరి పండగలు వాళ్లు మైకులు పెట్టి చేసుకునే ఊరు. ఉగాదికి తెలుగువాళ్లు నాటకం వేసేవారు. పౌరాణికమైతే కృష్ణుడి వేషానికి గొంతున్నవాళ్లు పోటీ పడేవారు. సాంఘికమైతే హీరోకు మంచి చొక్కా ఉన్నవాడు కావాలి. మిగిలిపోయిన వేషం పెద్దాయనకు వచ్చేది. చీకటి ఇంట్లోకి ముందు తోయబడే నౌకరు, దెయ్యాన్ని మొదట చూసి మాట పెగలక చేతులు ఊపేవాడు. పదిహేనేళ్లు ఆ ఒక్క వేషమే తిప్పి తిప్పి వేశారు. షిఫ్టు ముగించుకుని రిహార్సలుకు వెళ్లి, మోకాళ్లు ఎలా వణకాలో అద్దం ముందు అభ్యాసం చేసేవారు. ఆ నాటకాల ఫొటోలు ఇంట్లో ఆరేడున్నాయి. కృష్ణుడున్నాడు, ధర్మరాజున్నాడు, మంచి చొక్కా హీరో ఉన్నాడు. నౌకరు లేడు. ఫొటోగ్రాఫరుకు రీలు ఖరీదు. నౌకరు మీద ఎవరు తగలేస్తారు?

దానికి ఆయన ఎప్పుడూ బాధపడినట్టు కనబడలేదు. హేల్‌ను నాలుగుసార్లు చూడటానికి కారణం మాత్రం అదే కావచ్చు. మెడ సగం తిప్పి వదిలేసే ఆ ఒడుపు, ఎవరూ నేర్పకుండానే ఆయన భిలాయ్‌లో చెక్క స్టేజీ మీద కనిపెట్టుకున్నదే. తొంభై ఏళ్లకు పైబడిన బొమ్మలో అదే ఒడుపును ఇంకొకడి మెడలో చూశారు.

అయిదోసారి సినిమా పెట్టినప్పుడు పెద్దాయన టైటిల్ కార్డులు చదవనివ్వలేదు. తెర పక్కన స్టూలు వేసుకుని, తండ్రి గొంతుతో, తండ్రి యాసతో వ్యాఖ్యానం మొదలుపెట్టారు. “ఇదిగో చూడండి బాబూ, వకీలు గారొచ్చారు, పెట్టె తీస్తున్నారు, ఏటుందో అందులో!” చెవులు వినబడని మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఇల్లంతా మారుమోగింది. తెలుగు అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల, ఒక్క మాట వదలకుండా విన్నది. అర్థం కాని మాట దగ్గర ఆపి అడిగింది. ‘జడుసుకోవడం’ అంటే ఏమిటో మాటల్లో చెప్పే పని లేకుండా హేల్ చూపించాడు.

ఈ గోల విని కొడుకు వచ్చాడు. టీవీ కట్టేసి గుమ్మంలో నిలబడ్డాడు. తండ్రి స్టూలు మీద నుంచి లేచి, మోకాళ్లు వణికిస్తూ, గోడకు అతుక్కుని నడిచి చూపిస్తున్నారు. తెర మీద హేల్ కూడా అదే పనిలో ఉన్నాడు. మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కొడుకు నవ్వలేదు. కాసేపు అలాగే చూశాడు. తర్వాత వచ్చి తండ్రి పక్కన కూర్చుని చెవి దగ్గర అన్నాడు.

“చిన్నప్పుడు నువ్విలా వేస్తే నేను ఏడ్చేశాను నాన్నా. గుర్తుందా? నువ్వు నిజంగానే భయపడ్డావనుకున్నాను.”

పెద్దాయనకు గుర్తుంది. అయిదేళ్ల పిల్లాడు స్టేజీ ముందు నుంచి “మా నాన్నను వదిలేయండి” అని అరిచి ఏడవడం, జనమంతా నవ్వడం, అమ్మ వచ్చి ఎత్తుకుపోవడం. ఆ రాత్రి కృష్ణుణ్ని చూసినవాళ్లు వందల మంది. నౌకరును చూసింది ఒక్కడే.

సినిమా ముగిసింది. నటుల పేర్లు రాగానే మనవరాలు ఆపింది. ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని చదివింది. “క్రెయిటన్ హేల్. వీడే కదా తాతా?”

“వీడే” అన్నారు పెద్దాయన. “వీడిదింకొకటుందట. ఏడు అడుగులదేదో. రేపు వెతుకుదాం.”